పడనివ్వని ఆట

కొత్త "తెల్లవాలు" బయటికొచ్చి వారం తిరక్కముందే దాన్ని తయారుచేసిన ఆఫీసులో అందరి మొహాలూ పిండకుండా ఆరేసిన బట్టల్లా వేలాడసాగాయి. ఆట ఆడినవాళ్ళలో సగంమంది దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. మిగతా సగం దుమ్మెత్తి పోశారు. అందరూ తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకోవచ్చు. అందరూ మెచ్చి ఉంటే ఎగిరి గంతేయవచ్చు. ఇలా చెరిసగం అయ్యేసరికి ఏం చేయాలో పాలుపోక, పెద్దలంతా గాజుగోడల గదిలో చేరి, ఆటగాళ్ళ అభిప్రాయాలను తెరమీద వేసుకుని చదువుకుంటూ, తిట్టినవాణ్నీ మెచ్చినవాణ్నీ కూడా వెక్కిరించుకుంటూ పొద్దు పుచ్చసాగారు.

అది స్నోబోర్డు వీడియో ఆట. కాళ్ళకు బల్ల బిగించుకున్న మనిషి మంచుకొండ మీదినుంచి జారుతూ, గాలిలో పల్టీలు కొడుతూ కిందికి చేరాలి. ఒకప్పుడు ఆ ఆటంటే జనం పడి చచ్చేవారు. ఒకదాని వెనక ఒకటిగా భాగాలు వచ్చాయి. తరువాత దాన్ని తయారుచేసే కంపెనీ మూతపడి, ఆట కూడా అటకెక్కింది. హక్కులు కొనుక్కున్న ఈ కొత్త కంపెనీ ఇన్నేళ్ళకు దాని దుమ్ము దులిపి, రంగులు పూసి, పాత పేరుతోనే మళ్ళీ వదిలింది.

ఈ ఘనకార్యానికి పెద్దదిక్కు దర్శకుడు. జన్మలో మంచుమీద కాలు మోపిన మనిషి కాడు. అయినా ఏసీ గదిలో ఉన్నిటోపీ పెట్టుకుని, నల్లకళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని, కొండ దిగి ఇప్పుడే వచ్చినవాడిలా తిరిగేవాడు. అతని పక్క కుర్చీలో కూర్చునేది మాటలమ్మ. ఆ పేరు ఆఫీసువాళ్ళు పెట్టిందే. ఆటలో వినబడే మాటలన్నీ ఆమె రాసినవి. ముఖ్యంగా పిచ్చుక మాటలు.

పిచ్చుకంటే ఆటగాడి చెవిలో ఎడతెగకుండా పలికే ఒక గొంతు. పాత ఆటలో అలాంటిదేదీ లేదు. కొత్తదానిలో ఎడమకు తిరిగితే "అదిరింది!" అంటుంది. కుడికి తిరిగితే "ఇరగదీశావ్!" అంటుంది. పడబోతున్నావంటే "ఏం కాదు, ఏం కాదు, నేనున్నాగా!" అంటూ కాలాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ నిలబెడుతుంది. అసలు పడటమనేదే లేదు. కొండ మొదలునుంచి చివరిదాకా ఎవడి వీపుకీ మంచు అంటదు.

"పడితే బాధ. బాధపడితే ఆట ఆపేస్తారు. ఆపేస్తే మనం దుకాణం కట్టేసుకోవాలి" అనేవాడు దర్శకుడు. ఆ మాట అన్నప్పుడల్లా తనేదో కొత్త సూత్రం కనిపెట్టినట్టు చుట్టూ చూసేవాడు.

మాటలమ్మకు ఆటలంటే చిన్నచూపు. కథలు రాసుకుందామని వచ్చిన మనిషి. కథలు అన్నం పెట్టకపోవడంతో ఈ కొలువులో చేరింది. ఆటగాళ్ళంటే ఇంకా చిన్నచూపు. పెరిగి పెద్దయినా బొమ్మల కోసం కొట్టుకునే మూక అని ఆమె లెక్క. తాను మాటలు రాసిన ఆటను తానే ఒక్కసారీ ఆడి చూడలేదు. ఏ సందర్భంలో ఏం పలకాలో ఆట తయారుచేసేవాళ్ళు చెప్పేవారు, ఈమె రాసి పడేసేది. వంట రుచి చూడకుండానే వడ్డించే మనిషిలా ఆ పని నిబ్బరంగా చేసుకుపోయేది.

ఆ రోజు తెరమీదికి "తుంటిఎముక" అనే పేరుతో ఎవరో రాసిన సమీక్ష వచ్చింది. దర్శకుడు గొంతు సవరించుకుని, ముసలి గొంతు పెట్టి పైకి చదివాడు.

"ఒక్క నక్షత్రం. సున్నా వేసే వీల్లేక వేశాను. పాత తెల్లవాలులో కొండ ఉండేది. ఇందులో కొండ ఆకారంలో కుట్టిన పరుపు ఉంది. ఎటు ఒరిగినా ఎత్తి నిలబెడతారు. పైగా ఆ పిచ్చుకొకటి! ఆట మధ్యలో వదిలేసి టీ పెట్టుకోడానికి లేస్తే వెనకనుంచి 'నీకు తిరుగులేదు!' అంది. టీ పెట్టుకోవడం అంత గొప్పపనని నాకిన్నాళ్ళూ తెలీదు. ఈ మాటలు రాసిన మనిషి ఎన్నడూ జారిపడి ఉండదు. పడి ఉంటే, పడ్డవాళ్ళ చెవిలో వాగకూడదని తెలిసుండేది."

గదిలో అందరూ నవ్వారు. మాటలమ్మ నవ్వలేదు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అందులోనూ ఆ సమీక్షకు వేలమంది వంత పాడారని కింద కనబడుతోంది.

"వీళ్ళకి పిచ్చుకతోనే సమాధానం చెప్పిద్దాం" అన్నాడు దర్శకుడు. "మాటలమ్మా, నీ కలానికి పదునుందో లేదో చూద్దాం."

ఆమె అక్కడికక్కడే రాసింది. "తుంటిఎముకగారూ! పేరులోనే మీ వయసు తెలిసిపోతోంది. కొండలు కుర్రాళ్ళకి వదిలేసి, ఊతకర్ర పట్టుకుని పార్కులో నడవండి. జాగ్రత్త, అక్కడ పడితే ఎత్తడానికి నేనుండను!"

గదంతా చప్పట్లు. కంపెనీ పేరుమీద దాన్ని పెట్టడమూ, జనం ఎగబడి చదవడమూ వెంటవెంటనే జరిగిపోయాయి. సాయంత్రానికి ఆట నచ్చినవాళ్ళంతా తుంటిఎముక మీద పడ్డారు. "ముసలి ప్రాణానికి మంచెందుకు" అని ఒకడు. "కంట్రోలర్ అనుకుని బీపీ మిషను పట్టుకుని ఆడినట్టుంది" అని ఇంకొకడు. ఎవడికి వాడు తనే పెద్ద హాస్యగాడినని అనుకుంటున్నాడు. మాటలమ్మ బస్సులో నిలబడి అవన్నీ చదువుకుంటూ, చాలాకాలం తరువాత తను రాసినది ఇంతమంది చదివారని లోలోపల పొంగిపోతూ ఇల్లు చేరింది.

ఇంట్లో ముందుగదిలో అత్తగారు సోఫాలో కూర్చుని ఉంది. ఒళ్ళో కంట్రోలర్. పక్కన ఊతకర్ర.

అత్తగారు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసి తీసి రిటైరైన మనిషి. పాత తెల్లవాలుతో ఆవిడకు పరిచయం కావడం కూడా చిత్రమే. కొడుకు చదువు మానేసి దాని ముందే కూర్చుంటున్నాడని, అందులో అంత ఏముందో చూసి, తిట్టి, కట్టిపెట్టిద్దామని ఒక సెలవురోజు తానూ పక్కన కూర్చుంది. ఆ తరువాత ఆ ఇంట్లో కంట్రోలర్ కోసం వంతుకు నిలబడవలసింది కొడుకే అయింది. అలాగని ఆవిడ గొప్పగా ఆడుతుందని కాదు. ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. పగలంతా ఎక్కడెక్కడో పడి ఎముకలు విరగ్గొట్టుకున్నవాళ్ళను చూసి వచ్చి, ఇంట్లో తనంతట తాను పడటం ఆవిడకు సరదాగా ఉండేది. కొత్త ఆట వచ్చిందని తెలిసి కోడల్ని అడిగి మరీ తెప్పించుకుంది. కోడలు ఆ కంపెనీలో పనిచేస్తుందని తెలుసు గానీ, ఏం చేస్తుందో తెలియదు. బయట చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు కాబట్టి "ఏవో తప్పులు దిద్దుతాను" అని కోడలు దాటవేసేది.

"అమ్మాయ్" అంది అత్తగారు, కోడలు చెప్పులు విప్పుతుండగానే. "మీ ఆఫీసులో ఆ పిచ్చుక మాటలు రాసేదెవరు?"

"ఏం అత్తయ్యా?"

"నన్ను పార్కులో నడవమంది."

మాటలమ్మ చేతిలోని సంచీ జారి కిందపడింది. తుంటిఎముక! ఆరునెలల కిందట బాత్రూంలో జారిపడి విరగ్గొట్టుకున్న తుంటిఎముక! ఆపరేషను చేయించి, మంచం దించి, ఎక్కించి, చేయి పట్టుకుని నడిపించింది తనే. ఆ పేరు చూసికూడా వెలగకపోతే తన తెలివి ఎక్కడ ఏడ్చింది?

"చూడు, నా మీదికి ఊరు ఊరంతా ఎలా లేచిందో" అంటూ ఫోను చూపించింది అత్తగారు. "వీడెవడో నేను బీపీ మిషను పట్టుకుని ఆడానంటున్నాడు. తిట్టడం కూడా రాదు వెధవలకి. ఆ పిచ్చుక రాసింది కొంచెం నయం. కానీ అదీ నీచమే. ఎవరే అది రాసింది?"

"నాకు... నాకు తెలీదత్తయ్యా."

లోపలినుంచి భర్త వచ్చాడు. బేకరీ వ్యాను నడుపుతాడు. తెల్లవారకముందే పనికి పోయి, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటాడు. "అమ్మా, నీకు నచ్చకపోతే నచ్చలేదను. పిచ్చుకనేం అనకు" అన్నాడు. "పొద్దున్నే మేనేజరు తిడతాడు. రోడ్డుమీద అడ్డమైనవాడూ తిడతాడు. ఇంటికొస్తే మీరిద్దరూ ఉన్నారు. రోజు మొత్తంలో నన్ను మెచ్చుకునేది అదొక్కటే."

"నిలబడినందుకు మెచ్చుకుంటే మురిసిపోతున్నావా? నా కడుపున ఎలా పుట్టావురా!"

తల్లీకొడుకులు అలా వాదించుకుంటుంటే మాటలమ్మ వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఆ రాత్రి ఏమీ చెప్పలేకపోయింది. మర్నాడు ఆమెకు సెలవు. భర్త వ్యాను తీసుకుని వెళ్ళిపోయాక, అత్తగారికి టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"పిచ్చుక మాటలు రాసింది నేనే. మీకు సమాధానం రాసింది కూడా నేనే. మీరని తెలీదత్తయ్యా."

అత్తగారు టీ తాగడం ఆపలేదు. పూర్తిగా తాగి, కప్పు కింద పెట్టి, అప్పుడు చూసింది. "నేనని తెలిస్తే రాయకపోదువా?"

"రాసేదాన్ని కాదు."

"అంటే ఇంకెవరి అత్తగారయినా ఫరవాలేదన్నమాట. అదింకా సిగ్గుచేటు."

అత్తగారు అంతటితో వదలలేదు.

"నాకు నిన్ననే అనుమానం రావాల్సింది. 'ఏం కాదు, ఏం కాదు, నేనున్నాగా.' ఆ మాట ఎక్కడో విన్నట్టే ఉందనుకున్నాను. బాత్రూంలో నేను పడ్డప్పుడు అంబులెన్సు వచ్చేదాకా నువ్వు ఒక్క క్షణం నోరు మూయలేదు. ఏం కాదత్తయ్యా, ఏం కాదత్తయ్యా అంటూనే ఉన్నావు. ఎముక విరిగిందని నాకు తెలుసు. నా ఉద్యోగమే అది. చప్పుడు కూడా విన్నాను. ఒక్క నిమిషం నన్ను నా మానాన ఏడవనిస్తే బాగుండేది. నువ్వు ఏం కాదంటుంటే, పాపం, నీ కోసం నేను నవ్వాల్సొచ్చింది."

"భయమేసిందత్తయ్యా. ఏదో ఒకటి మాట్లాడకపోతే నేనే కూలబడేదాన్ని."

"తెలుసు. అందుకే అప్పుడు ఊరుకున్నాను. కానీ దాన్ని ఆటలో పెట్టి ఊరందరి చెవుల్లోనూ ఊదుతావా? నువ్వెప్పుడన్నా ఆ ఆట ఆడావా అసలు?"

లేదంది మాటలమ్మ.

అత్తగారు కర్ర ఊతంతో లేచి, టీవీ కింద అరలోంచి పాత ఆట యంత్రాన్ని బయటికి లాగి, పాత తెల్లవాలు పెట్టింది. కంట్రోలర్ కోడలి చేతికిచ్చి, పక్కన కూర్చుని, నోరు మెదపలేదు.

బొమ్మలు మోటుగా ఉన్నాయి. కొండ మూడు రంగుల్లోనే ఉంది. మాటలమ్మ బల్లను కదిలించీ కదిలించకముందే బొమ్మమనిషి బొక్కబోర్లా పడ్డాడు. తెర కదలడం మానేసింది. గాలి చప్పుడు ఒక్కటే వినిపించింది. పైన ఖాళీ ఆకాశం. ఎవరూ ఏమీ అనలేదు. ఏదో జరుగుతుందని ఎదురుచూసింది. ఏమీ జరగలేదు. బొమ్మమనిషి అలాగే పడి ఉన్నాడు.

"ఇప్పుడేం చెయ్యాలత్తయ్యా?"

"నీ ఇష్టం. లేవాలనిపించినప్పుడు బటన్ నొక్కు."

నొక్కింది. లేచాడు. మళ్ళీ పడ్డాడు. ఈసారి నొక్కబోయి ఆగి, ఆ గాలి చప్పుడు వింటూ కూర్చుంది. అత్తగారు ఆమె వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. అలా మధ్యాహ్నందాకా ఆడి, మాటలమ్మ ఆ కొండ దిగువకు ఒక్కసారైనా చేరలేకపోయింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి దర్శకుడితో చెప్పింది. "సార్, పడబోయినప్పుడు పిచ్చుకని మాట్లాడనివ్వద్దు. పడితే పడనిద్దాం. ఆ సమాధానం కూడా తీసేద్దాం."

"ఏం, రాత్రికి రాత్రే జ్ఞానోదయమైందా?"

"తుంటిఎముక మా అత్తగారు సార్."

దర్శకుడు చటుక్కున కుర్చీలోంచి లేచాడు. కోపమొచ్చిందేమోనని ఆమె అనుకుంది. కాదు, అతని మొహం వెలిగిపోతోంది. "అత్తా కోడళ్ళా! ఇన్ని రోజులు ఇంత పెద్ద నిధి దగ్గర పెట్టుకుని చెప్పవేం? ఆవిణ్ని పిలిపించు. కెమెరా ముందు కూర్చోబెట్టి ఆడిద్దాం. చివర్లో పిచ్చుకని క్షమించానని ఒక్క మాట అంటే చాలు. జనం కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఇద్దరూ కౌగిలించుకుంటే ఇంకా మంచిది."

ఇంత సిగ్గులేని మనిషి దగ్గర తాను ఇన్నాళ్ళు పనిచేసిందా అనుకుంది మాటలమ్మ. ఇంటికొచ్చి, మీరు రానక్కర్లేదనే చెప్పింది. కానీ అత్తగారు "ఎందుకు రాను? నేనూ నువ్వు చెప్పిన ఆ టోపీవాణ్ని చూడాలి" అని మంచిచీర కట్టుకుని బయలుదేరింది.

గాజుగది నిండా దీపాలు పెట్టారు. ఎక్కడెక్కడి ఆటగాళ్ళూ అప్పటికప్పుడే చూసేలా ఏర్పాటు చేశారు. దర్శకుడు ఎదురొచ్చి, వంగి, చిన్నపిల్లతో మాట్లాడినట్టు గట్టిగా సాగదీస్తూ "అమ్మగారూ, భయపడకండీ, ఇది చాలా తేలికా" అన్నాడు.

"నా తుంటి విరిగింది బాబూ, చెవులు కాదు" అంది అత్తగారు.

కుర్చీలో కూర్చోబెట్టి కంట్రోలర్ చేతికిచ్చారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద పెట్టి, రెండు చేతులూ కర్ర పిడిమీద ఆనించుకుని కూర్చుంది. తెరమీద ఆట మొదలైంది. బొమ్మమనిషి తనంతట తానే జారడం మొదలుపెట్టాడు.

"తీసుకోండమ్మగారూ, ఆడండి" అన్నాడు దర్శకుడు.

"ఆడుతూనే ఉన్నానుగా."

బొమ్మమనిషి చెట్టుకు గుద్దుకోబోయాడు. "ఏం కాదు, ఏం కాదు, నేనున్నాగా!" అంది పిచ్చుక. కాలం వెనక్కి తిరిగింది, వాడు పక్కకు జరిగాడు. బండమీదికి పోబోయాడు. మళ్ళీ వెనక్కి. "అదిరింది! నీలాంటి ఆటగాణ్ని నేను చూళ్ళేదు!" అత్తగారు చీరకొంగు సర్దుకుంది. "ఇరగదీశావ్!" అంది పిచ్చుక. ఆవిడ చేతులు కర్రమీదినుంచి కదలలేదు. చూస్తున్నవాళ్ళకు విషయం అర్థమయ్యేసరికి గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. దర్శకుడు కెమెరా ఆపమని సైగ చేస్తున్నాడు. కెమెరా పట్టుకున్నవాడు చూడనట్టు నటించాడు. వాడికీ ఆ టోపీ అంటే ఎప్పటినుంచో పడదు కాబోలు.

బొమ్మమనిషి ఎక్కడా పడకుండా, ఎవరూ నడపకుండా, కొండ దిగువకు చేరాడు. బాకాలు మోగాయి. మెరుపుకాగితాలు రాలాయి. తెరమీద వెండి పతకం వెలిగింది.

"వెండేనా?" అంది అత్తగారు. "బంగారం రావాలంటే గదిలోంచి కూడా వెళ్ళిపోవాలేమో."

కర్ర పట్టుకుని లేచి, ఎవరినీ కౌగిలించుకోకుండా లిఫ్టు వైపు నడిచింది. మాటలమ్మ ఆవిడ వెంట వెళ్ళలేదు. తన గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, కంపెనీ పేరుమీద తాను రాసిన ఆ సమాధానాన్ని ఎవరినీ అడక్కుండా తీసేసింది. దాని స్థానంలో "ఆ మాటలు రాసింది నేను. తప్పు నాది" అని రాసి, తన పూర్తిపేరు పెట్టింది.

ఆ వీడియో ఊరూరా తిరిగింది. నిన్నటిదాకా తుంటిఎముకను తిట్టిన నోళ్ళే "మా అమ్మమ్మ!" అని చప్పట్లు కొట్టాయి. మనుషులకు అభిప్రాయం మార్చుకోవడానికి ఇంత తక్కువ కష్టం చాలునా అని మాటలమ్మకు రోత పుట్టింది. ఆట నచ్చినవాళ్ళేమో, ఒక ముసలిది తమ సంతోషం చెడగొట్టిందని కొత్తగా ఏడవసాగారు.

కొన్నాళ్ళకు దర్శకుడు మార్పులు ప్రకటించాడు. ఇష్టమైనవాళ్ళు పిచ్చుక గొంతు ఆపుకోవచ్చు. ఇష్టమైనవాళ్ళు పడవచ్చు. "పడటంలోనే మనిషి గొప్పతనముందని నేను మొదటినుంచీ నమ్ముతున్నాను" అని ఏదో ఇంటర్వ్యూలో, అదే ఉన్నిటోపీ కింద కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. దానిమీదా జనం చీలిపోయారు. పిచ్చుకను చంపేశారని సగంమంది గోల. పడి పడి నడుములు పోతున్నాయని, బొమ్మ నడుము తమదే అయినట్టు, మిగతా సగం గోల. బేకరీ వ్యాను నడిపే భర్త మాత్రం పిచ్చుకను ఆపకుండా, గొంతు పెంచుకుని మరీ ఆడుకునేవాడు.

మాటలమ్మను కొలువులోంచి తీసేస్తే జనం ఏమంటారోనని తీయలేదు. ఆట మొదలుపెట్టేముందు ఎవరూ చదవకుండా "ఒప్పుకుంటున్నాను" అని నొక్కేస్తారే, ఆ నిబంధనలు రాసే విభాగానికి పంపారు. ఆమె అక్కడ కూర్చుని వాటిని, ఎవరైనా పొరబాటున చదివితే అర్థమయ్యేలా రాయసాగింది. పని ముగిశాక మిగిలిన సాయంత్రాల్లో ఒక కథ మొదలుపెట్టింది. అది బాగా వస్తోందో లేదో ఆమెకే తెలియదు. అత్తగారికి చూపిస్తే మొదటి పేజీ చదివి, "మాటలెక్కువున్నాయి" అంది. రెండోసారి రాసింది.

మార్పులు వచ్చిన వారం, ఒక సాయంత్రం అత్తగారు కొత్త తెల్లవాలును పిచ్చుక నోరు కట్టేసి ఆడుతోంది. మాటలమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. పెద్ద ఎగురు ఎగరబోయి బొమ్మమనిషి తలకిందులుగా పడ్డాడు. మంచు లేచి, నెమ్మదిగా వాడిమీదే రాలింది. అత్తగారు బటన్ నొక్కలేదు. కోడలు ఏమీ అనలేదు. ఇద్దరూ ఆ తెల్లటి తెరను చూస్తూ ఉండిపోయారు.

"గాలి చప్పుడు మాత్రం బాగా పెట్టారు" అంది అత్తగారు చాలాసేపటికి. "మిగతాదంతా చెత్త."

తరువాత బటన్ నొక్కింది.